లంకలో కిలోమీటరంటే ఎంత? విద్యాశాఖ మంత్రి లోకేష్ గారికి ఒక రిటైర్డ్ మేష్టారి బహిరంగ లేఖ

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి శ్రీ నారా లోకేష్ గారికి,

నమస్కారం. 2023 నవంబరు 27న మీ యువగళం పాదయాత్ర రాజోలు నియోజకవర్గంలో పొదలాడ దగ్గర మళ్ళీ మొదలైంది. సెప్టెంబరులో ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే నడక ఎత్తుకున్నారు. ఆ రోజు రోడ్డు పక్కన కొబ్బరిచెట్టు కింద నిలబడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నా చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది. ఆ తోపులాటలో మీ దాకా రావడం నా వయసు వాడి వల్ల కాలేదు. ఎవరో కుర్రాడు "ఇటివ్వండి మేష్టారూ, నేను అందజేస్తాను" అన్నాడు గానీ ఇవ్వబుద్ధి కాలేదు. నా సర్వీసులో అలాంటి కాగితాలు చాలా అందజేశాను. అవి ఎక్కడిదాకా అందుతాయో నాకు తెలుసు.

ఆ కాగితంలో ఉన్నది ఒకే ఒక్క సంగతి, లంకలో, అంటే గోదారి పాయల నడుమ దీవి ఊళ్ళో, కిలోమీటరు గురించి. మీరు విద్యాశాఖ తీసుకుని ఏడాదిన్నర కావస్తోంది కనక ఆ కాగితం ఈ లోపు కొంచెం పెరిగింది.

నేను ముప్పై రెండేళ్ళు ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా, పనిచేసి రిటైరయ్యాను. అందులో ఇరవై పైన ఏళ్ళు లంక బళ్ళలోనే. ఊరి పేరు, బడి పేరు రాయడం లేదు. రాస్తే మీ పేషీ నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న అమ్మాయికి ఫోను వెళ్తుంది. "ఎవరమ్మా ఆయన, నువ్వే రాయించావా?" అని. ఆ పిల్లకి ఎందుకొచ్చిన టెన్షన్.

2022 వేసవిలో ఒకాయన మా బడికి బండి మీద వచ్చాడు. చేతిలో ఫోను, ఫోనులో మ్యాపు. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపు ఉన్న హైస్కూలుకి కలపాలి, దూరం చూడాలి అన్నాడు. చూశాడు. మా బడి నుంచి గట్టు అవతలి హైస్కూలుకి తొమ్మిది వందల మీటర్ల చిల్లర వచ్చింది. "మధ్యలో పాయ ఉందండి" అన్నాను. "రోడ్డుంది కదా మేష్టారూ, నేను దాని మీదే వచ్చాను" అన్నాడు. నిజమే, దాని మీదే వచ్చాడు.

ఆ రోడ్డు సంగతి మీకు చెప్పాలి. సంక్రాంతి దాటాక ఏటిలో నీరు తగ్గుతుంది. అప్పుడు పాయకి అడ్డంగా మట్టీ ఇసకా పోసి బాట వేస్తారు. దాని మీద ఆటోలు తిరుగుతాయి, కొబ్బరికాయల ట్రాక్టర్లు తిరుగుతాయి, పెళ్ళి కార్లు కూడా వస్తాయి. పడవ నడిపేవాడు ఆ నాలుగైదు నెలలూ వేరే పని చూసుకుంటాడు. జులైలో ఎర్రనీరు తగలగానే ఆ బాట ఒక్క రాత్రిలో పోతుంది. మళ్ళీ సంక్రాంతి దాకా పడవే. ఇది మా ఒక్క ఊరి కథ కాదు. పి.గన్నవరం మండలంలో గంటి పెదపూడి దగ్గర బూరుగులంక రేవు చూడండి. అక్కడి తాత్కాలిక బాట తొలి వరదకే కొట్టుకుపోయిందన్న వార్త ఏటా పేపర్లో వస్తుంది, నాలుగు లంక ఊళ్ళ వాళ్ళు పడవ ఎక్కుతారు. కనకాయలంక వాళ్ళకి చాకలిపాలెం కాజ్‌వే మునిగితే అంతే సంగతులు. మా దగ్గర దూరం నెలని బట్టి మారుతుంది సార్. ఏప్రిల్‌లో తొమ్మిది వందల మీటర్లు. ఆగస్టులో అది మీటర్లలో చెప్పేది కాదు. పడవ ఇటుంటే పావుగంట, అటుంటే ముప్పావుగంట, గాలి తిరిగితే రేపు.

అడ్డంకులున్నచోట చూసి చెయ్యమని పైనుంచి చెప్పారనే మేమూ విన్నాం. చూసింది మాత్రం ఏప్రిల్‌లో. ఏప్రిల్‌లో మాకు అడ్డంకి ఏముంది?

ఇక తేదీలు. ఆ ఏడు జూన్ 10న ఇలా తరగతుల్ని కలిపే జీవో 117 వచ్చింది. జులై 5న బళ్ళు తెరిచారు. జులై 16న ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కుల పైన నీరు కిందికి వదిలారు. కొత్త పద్ధతిలో మా మూడో తరగతి పిల్లలు హైస్కూలుకి వెళ్ళింది వారం రోజులు కూడా నిండలేదు. తర్వాత ఆ హైస్కూలే పునరావాస కేంద్రం అయింది. ఆ పిల్లలే తల్లిదండ్రులతో, మేకపిల్లలతో, బియ్యం మూటలతో అదే బడికి చేరారు. అంతకుముందు వారం హాజరు పిలిచిన గదిలోనే పడుకున్నారు.

మీ ముందటి ప్రభుత్వాన్ని ఆడిపోసుకోడానికి ఇది రాయడం లేదు. 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర నాటుపడవ, కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుని తిరగబడింది. బడి నుంచి ఇళ్ళకు వెళ్తున్న పిల్లలు గోదావరిలో కలిసిపోయారు. అప్పుడు ప్రభుత్వం మీ పార్టీది. దెప్పడానికి కాదు. మా దగ్గర బడి దూరమంటే ఆ పడవ గుర్తొస్తుంది, అందుకని చెప్పాను. పిల్లని మూడో తరగతికి రేవు దాటించమంటే తల్లి ముందు చూసేది గోదారి వైపు, తర్వాతే బడి వైపు.

మా పక్కింట్లో ఒక పిల్ల ఉంది. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, తండ్రి కొబ్బరి దింపులకి వెళ్తాడు, పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. కోనసీమలో ఇలాంటి ఇళ్ళు వీధికి రెండు మూడుంటాయి. మా వైపు ప్రభుత్వ విధానాల చరిత్ర అంతా రాయాలంటే వేరే పుస్తకం అక్కర్లేదు, ఈ పిల్ల ప్రోగ్రెస్ కార్డు చాలు.

2019 జూన్‌లో నా దగ్గర ఒకటో తరగతిలో చేరింది. అ ఆలు దిద్దుతుండగా నవంబరులో వచ్చే ఏడాది నుంచి ఇంగ్లీషు మీడియం అని జీవో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ లోపు కరోనా వచ్చి బళ్ళే మూతపడ్డాయి. రెండో తరగతి పిల్లలు బళ్ళో కూర్చున్నది 2021 ఫిబ్రవరిలో. నాలుగో తరగతికి రేవు దాటించారు. ఐదో తరగతిలో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష అన్నారు. తెలుగులో 'గోడ మీద పిల్లి' అని కూడబలుక్కుని చదివే పిల్ల చేత స్పీకర్లో అమెరికా యాస వినిపించి జవాబు టిక్కు పెట్టించారు. ఆరో తరగతికి వచ్చేసరికి ప్రభుత్వం మారింది, టోఫెల్ పోయింది. ఏడో తరగతికి 117 కూడా పోయింది, బ్యాగు పేరు మారింది. పదమూడేళ్ళు నిండకుండానే ఆ పిల్ల చూసినన్ని మార్పులు నేను ముప్పై రెండేళ్ళ సర్వీసులో చూడలేదు.

వాళ్ళ అమ్మమ్మ నన్నొకసారి అడిగింది. "ఏవండీ మేష్టారూ, ఈ బడి ఎవరిదండీ?"

"గవర్నమెంటుది" అన్నాను.

"అదేనండీ, ఏ గవర్నమెంటుది అని."

నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

మీరు చేసిన మంచి చెప్పకపోతే నా లెక్క తప్పుతుంది. పుస్తకాల సంచి మీద నాయకుల బొమ్మలు, పార్టీ రంగులు తీసేశారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు పెట్టారు. చిన్న విషయం అనుకుంటారేమో. ఐదేళ్ళ పిల్ల వీపు మీద ఏ రంగుండాలో పెద్దలు కొట్టుకుంటుంటే చూసినవాణ్ణి, నాకు అది పెద్ద విషయమే. 117 రద్దు చేస్తామని చెప్పి 2025లో చేశారు. 16,347 పోస్టులతో డీఎస్సీ వేసి ఆ ఏడాదే భర్తీ పూర్తి చేశారు. నా కుర్చీలో ఉన్న అమ్మాయి ఆ డీఎస్సీలో వచ్చినదే. సన్నబియ్యం అన్నం మా పిల్లలు మారు అడిగి తింటున్నారు. అడిగింది పెట్టేదాకా వదలరు, వాళ్ళు కోనసీమ పిల్లలు.

అయినా మా బడి బాగుపడలేదు. ఎందుకో చెబుతాను.

117 పోగానే మూడు, నాలుగు, ఐదు మా బడికి తిరిగి వచ్చాయి. తరగతులు వచ్చాయి గానీ పిల్లలు రాలేదు. రేవు దాటించిన మొదటి ఏడాదే కొందరు గట్టు మీద ప్రైవేటు బడి వ్యాను ఎక్కారు. ఎలాగూ దాటాలి, దాటాక హైస్కూలు దాకా నడిపించడం ఎందుకు, రేవు దగ్గరికే వచ్చే పసుపు వ్యాను ఎక్కిస్తే పోలా అనుకున్నారు. తప్పు పట్టలేను. ఒకసారి వ్యానుకి అలవాటు పడిన పిల్ల తిరిగి రాదు. అన్నతో పాటు తమ్ముడు కూడా అదే వ్యాను ఎక్కుతాడు. ఇప్పుడు మా బళ్ళో పద్నాలుగు మంది, ఐదు తరగతులు, టీచరు ఒక్కతి.

మీరు తరగతికో టీచరు అన్నారు. ఆ మాట విన్న రోజు నేను రిటైరై ఇంట్లో కూర్చుని కూడా సంతోషించాను. తర్వాత చూస్తే అది పిల్లలు ఎక్కువున్న మోడల్ స్కూళ్ళకి. అంతకుముందు ఆరు రకాల బళ్ళుండేవి, ఇప్పుడు తొమ్మిది రకాలు. ఆ తొమ్మిదిలో మా బడి ఏ రకమో పేరు తెలుసుకోవాల్సిన పని లేదు. ఒక్క టీచరున్న బడిని మా వైపు ఏకోపాధ్యాయ పాఠశాల అనే అంటాం, మా నాన్నగారి కాలం నుంచీ అదే పేరు.

ఏకోపాధ్యాయ పాఠశాలంటే ఏమిటో ఒక్క పూట చెబుతాను. బోర్డుని సుద్దముక్కతో నిలువుగా నాలుగు గడులు చేస్తాం. మొదటి గడిలో ఒకటో తరగతికి గుణింతం, రెండో గడిలో రెండో తరగతికి కూడికలు, మూడో దానిలో భాగహారం, నాలుగో దానిలో ఇంగ్లీషు పద్యం. ఒకటో తరగతి వాళ్ళు నేల మీద పలకలతో నా కాళ్ళ దగ్గర. ఐదో తరగతిలో చురుకైన పిల్ల ఒకతి రెండో తరగతికి లెక్కలు చూస్తుంది. పదకొండింటికి వంటావిడ గుమ్మంలోకి వచ్చి "ఎంతమందండీ ఇవాళ?" అంటుంది. ఈ లోపు ఫోనులో హాజరు వెయ్యాలి. లంకలో సిగ్నల్ కోసం పంపు దగ్గర గట్టెక్కి చెయ్యి పైకెత్తి నిలబడాలి. మరుగుదొడ్డి ఫోటోలు నేను రిటైరయ్యే రోజు దాకా తీశాను. పెళ్ళి ఆల్బమ్‌లో కూడా నావి అన్ని ఫోటోలు లేవు. మధ్యాహ్నానికి ఒకటో తరగతి పిల్లాడు నిద్రపోతాడు, లేపను. ఒక్కణ్ణి తప్పిస్తే మిగతా వాళ్ళకి ఇంకొంచెం చెప్పచ్చు కదా. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఇక ఆ ఒక్క టీచరుకి కాంప్లెక్స్ మీటింగో, ట్రైనింగో, ఓటర్ల జాబితా పనో పడిందనుకోండి. బదులు టీచరు ఇంకో బడి నుంచి పడవ దాటి రావాలి. వచ్చేసరికి పదకొండు. మూడింటికి పడవ ఉందని రెండున్నరకి లేస్తారు. తల్లులు ఇది చూస్తారు. రెండుసార్లు చూసి మూడోసారి వ్యాను వాడికి ఫోన్ చేస్తారు. పిల్లలు తగ్గారని టీచర్ని ఇవ్వరు, టీచరు లేదని పిల్లలు తగ్గుతారు. మీ ఆఫీసులో మొదటి సగమే లెక్క వేస్తారు, రెండో సగం మా వీధుల్లో జరుగుతుంది.

నేను అడిగేది చట్టంలో లేనిది కాదు. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో ఇచ్చిన నిబంధనల్లో ప్రాథమిక బడి కిలోమీటరు 'నడిచి వెళ్ళే' దూరంలో ఉండాలని ఉంది. ఆ వెంటనే ఇంకో మాట కూడా ఉంది. వరదలు, దారి లేకపోవడం, కొండచరియలు లాంటి ప్రమాదాలుండే చోట చిన్నపిల్లలకి ఆపద లేకుండా ఆ దూరపు పరిమితిని తగ్గించి బడి పెట్టాలని. వరద అన్న మాట అందులోనే ఉంది సార్. 'నడిచి వెళ్ళే' అన్న మాటా ఉంది. నీటి మీద నడిచేవాళ్ళు మా లంకల్లో ఇంకా పుట్టలేదు.

కాబట్టి మొదటిది. మా లంకల మ్యాపింగ్ ఆగస్టులో చేయించండి. అదే ఫోను, అదే మ్యాపు, అదే ఆయన్ని పంపినా ఫర్వాలేదు, పంపే నెల మార్చండి. పడవ ఎక్కితే తప్ప ఇంకో బడికి చేరలేని చోట పిల్లలు పద్నాలుగు మందైనా ఏడుగురైనా ఇద్దరు టీచర్లని ఇవ్వండి. పిల్లల సంఖ్య చూసి ఇచ్చే పోస్టుల లెక్కలోంచి ఆ బళ్ళని తీసి పక్కన పెట్టండి. మన్యంలో కొండ మీది ఊళ్ళని వేరుగా చూడాలని అందరూ ఒప్పుకుంటారు. మాది పచ్చగా కనిపిస్తుంది, కొబ్బరితోటలు, సినిమా షూటింగులు, పూతరేకులు. డెల్టా అంటే డబ్బున్న చోటు అని పేరు. డబ్బు గట్టుకి ఆ పక్క ఉంది. ఏటిగట్టుకి ఈ పక్కన, ఏటి వైపు ఉన్నవాళ్ళం మేము.

రెండోది సెలవుల సంగతి. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులుంటే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గంట గంటకీ కొలుస్తారు, టీవీలో వేస్తారు. అంత బాగా కొలిచే శాఖ మీ ప్రభుత్వంలోనే ఉంది. కానీ మొదటి హెచ్చరిక రాకముందే మా కాజ్‌వేలు మునుగుతాయి. హెచ్చరిక లేదు కాబట్టి బడి ఉన్నట్టే, టీచరు హాజరు వెయ్యాలి, పిల్లకి ఆబ్సెంట్ పడుతుంది. తర్వాత హెచ్చరిక వస్తుంది, జిల్లా మొత్తం సెలవిస్తారు. ఆ సెలవుకి బదులు ఏ రెండో శనివారమో బడి పెట్టమంటారు. ఆ శనివారానికి మా వైపు ఇంకా బురద ఆరదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మా తీరం దాటింది. మా బళ్ళు సర్దుకోడానికి తర్వాత ఎన్నాళ్ళు పట్టిందో విజయవాడలో కూర్చుని లెక్కకట్టడం కుదరదు. బెంచీలు ఎత్తాలి, చాపలు తీయాలి, పాములు చూసుకోవాలి. 2022 వరద తర్వాత నేను బడి తలుపు తీసినప్పుడు బోర్డు మీద నా కూడికల లెక్క చెరిపేసి, ఆ పైన సుద్దముక్కతో ఇంటి పేర్లు, మనుషుల సంఖ్య, ఎవరికి ఎన్ని పాల ప్యాకెట్లు ఇచ్చారో రాసి ఉంది. ఆ లెక్క సరిగ్గా ఉంది, అది వేసింది నా పాత విద్యార్థే. తుడవడానికి నాకు చేతులు రాలేదు. రెండ్రోజులు నేల మీదే చెప్పాను.

లంక బళ్ళకి వేరే క్యాలెండర్ ఇవ్వండి. జూన్ 12న అందరితో పాటే తెరవండి, వరద నెలల్లో పోయే రోజులకి ముందే పదిహేను రోజులు రాసి పెట్టి, వాటిని జనవరి నుంచి ఏప్రిల్ దాకా మాకు బాట ఉండే కాలంలో సర్దుకునే అధికారం బడి కమిటీకే వదలండి. ఇందులో పైసా ఖర్చు లేదు.

డబ్బు మాట వచ్చింది కనక తల్లికి వందనం. అమ్మ ఒడి ఇంట్లో ఒక్కరికే ఇచ్చేవారు, మీరు చదివే పిల్లలందరికీ ఇచ్చారు. 15,000లో 13,000 తల్లి ఖాతాకి, 2,000 బడి నిర్వహణకి. మా పక్కింటి అమ్మమ్మకి ఆ డబ్బు రావడానికి మూడు నెలలు పట్టింది. తల్లి కువైట్‌లో ఉంది, ఆధార్‌కి ఉన్న ఫోను నంబరు ఎప్పుడో పోయింది, వేలిముద్ర వెయ్యడానికి తల్లి వేలు ఇక్కడ లేదు. "నా వేలు వేసుకోండయ్యా, అరవై ఏళ్ళ వేలు" అని ఆవిడ ఒక ఆఫీసులో గొడవపెట్టింది. గల్ఫ్‌కి ఆడవాళ్ళని పంపే జిల్లాలో ఈ ఇబ్బంది ముందే తెలియాల్సింది. చివరికి తండ్రి పేరున వేశారు. అందులో కొంత తండ్రి తాగాడు. ఇంతకంటే రాయను.

ఇంకో మాట అంటే మా వాళ్ళకే కోపం వస్తుంది, అయినా అంటాను. ఆ పదమూడు వేలల్లో మా లంకల నుంచి చాలావరకు నేరుగా ప్రైవేటు బడి ఫీజుకీ వ్యానుకీ వెళ్తోంది. తల్లి ఇష్టం, కాదనను. ప్రైవేటులో చదివినా ఇవ్వాలన్నది మీ ముందరి ప్రభుత్వమూ చేసింది, మీరూ చేశారు, మానేసే ధైర్యం ఎవరికీ ఉండదు. ప్రభుత్వ డబ్బుతో ప్రభుత్వ బడి ఖాళీ అవుతోందని తెలిసి కూడా ఈ పథకం నడుపుతున్నామని కనీసం మనలో మనం ఒప్పుకుందాం.

ఇంగ్లీషు మీడియం మీద పెద్దగా వాదించను. 2019లో అది తప్పనిసరి చేసినప్పుడు మీ పార్టీ వ్యతిరేకించింది, ఎంచుకునే వీలుండాలంది. అప్పుడు మా పేటలో ఒకాయన నాతో అన్నాడు, "మేష్టారూ, పట్నంలో పెద్దోళ్ళ పిల్లలకి ఇంగ్లీషు, మా పిల్లలకొచ్చేసరికి మాతృభాషా?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కానీ రెండు భాషల పాఠ్యపుస్తకం ఇచ్చారే, ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు, అది మాత్రం పనిచేసింది. పిల్ల తెలుగు పేజీ చదివి, వేలు పెట్టి ఇంగ్లీషు పేజీలో ఆ మాట వెతుక్కునేది. తల్లి కూడా చదివి చెప్పగలిగేది. నా లెక్కన ఈ ఆరేళ్ళలో చదువు విషయంలో జరిగిన తెలివైన పని అదొక్కటే. దాన్ని ఏ పార్టీ తెచ్చిందో మర్చిపోయి కాపాడండి.

మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మా వైపు ఆవిడే. లంకల గన్నవరంలో, ఏ వేళకి ఎవరు రేవు దాటి వచ్చినా పొయ్యి వెలిగించి అన్నం పెట్టిన మనిషి. వైనతేయ మీద కొత్త అక్విడక్టుకి కూడా ఆవిడ పేరే. పాత అక్విడక్టు కాటన్ దొర రోజుల నాటిది. నది మీద వంతెన కట్టి దాని మీదుగా కాలవ నీటిని అవతలి చేలకి దాటించారు. ఆ రోడ్డు మీద వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను, వరికి నీళ్ళు నదిని దాటించడం నూట డెబ్భై ఏళ్ళ కిందటే వచ్చింది మనకి, ఎనిమిదేళ్ళ పిల్లని దాటించడం ఇంకా రాలేదు. సీతమ్మ గారి పేరున వండే వంటావిడకి ఇప్పటికీ నెలకి 3,000 రూపాయలు. రొయ్యల చెరువు దగ్గర వారం కూలికి వెళ్తే అంతకంటే ఎక్కువ వస్తుంది. ఆవిడ వంట మానెయ్యకపోవడానికి కారణం మనవడు అదే బళ్ళో ఉండడం. వాడు ఈ ఏడుతో ఐదో తరగతి అయిపోతాడు.

సరే, ఉత్తరం పెద్దదైంది. పొదలాడ నాటి కాగితం మడతలు చిరిగిపోయాయి, అందులోది ఇందులో ఎక్కించాను.

మీరు మా జిల్లాకి ఎప్పుడు వచ్చినా సంతోషమే. మళ్ళీ వచ్చే వీలుంటే మాత్రం జులై ఆఖరు వారంలో, బాట కొట్టుకుపోయాక రండి. సభ పెట్టకండి, లంకలో అంత మెరక లేదు. ఒక్కరూ ఇద్దరూ రండి. మొదటి ట్రిప్పు ఉదయం ఏడున్నరకి. పడవలో పిల్లలు నడుమన కూర్చుంటారు, పెద్దవాళ్ళు అంచున. చెప్పులు చేత్తో పట్టుకోవాలి, రేవు దగ్గర మోకాలి దాకా బురద. లైఫ్ జాకెట్లు నాలుగున్నాయి, అవి ముందొచ్చిన వాళ్ళకి. ఏడున్నర తప్పితే రెండోది తొమ్మిదింటికి, అది ఎక్కిన వాళ్ళకి ఆబ్సెంటే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎస్జీటీ
లంక గ్రామం, డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ జిల్లా
నవంబరు, 2025